ఏసుమణి నడవడి పత్రం

అల్లూరు,
9 మార్చి 1961.

ప్రియమైన కరుణకు,

నవోమి అక్క ప్రార్థనతో రాసేది. నీ జాబు అంది నెల దాటింది. హాస్టలులో నలుగురు పిల్లలకు తట్టు పోసింది. వాళ్ళు లేచి తిరిగేదాకా కలం పట్టుకోలేకపోయాను. ఇప్పుడు దేవుని దయవల్ల అందరూ అన్నం తింటున్నారు.

ఒక పని మీద రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఈ ఆడపిల్లల హాస్టలు చూసుకుంటున్నాను, ఎవరి కోసమూ నిన్ను ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

మా దగ్గర ఏసుమణి అనే పిల్ల ఉంది. ఇసకపల్లి ఉప్పుమడుల్లో పనిచేసే క్రీస్తుదాసు కూతురు. తల్లి లేదు. పదకొండేళ్ళప్పుడు, రెండో ఫారంలో నా దగ్గరికి వచ్చింది. ఈ నెలాఖరుకు ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష రాస్తుంది. లెక్కల్లో ఈ పిల్లకు చెప్పడానికి తన దగ్గర ఇంక ఏమీ మిగల్లేదని హెడ్మాస్టరు గారే అన్నారు. నువ్వు పనిచేసే కాలేజీలో ఆమె పి.యు.సి. చదవాలని నా కోరిక. మన మిషను ఖర్చు పెట్టి పంపేది మీ కాలేజీ ఒక్కదానికే. అక్కడ సీటు రాకపోతే ఇంక చదువు లేదు. క్రీస్తుదాసుకు ఉప్పు తెలుపులో ఎండకు పనిచేసి చేసి చూపు ఆనడం లేదు. జూలైలో కూతురు తన బదులు మడిలోకి దిగాలని ముందే చెప్పి ఉంచాడు. అతన్ని తప్పు పట్టలేను.

దరఖాస్తు ఎట్లా పెట్టాలో రాయి. మార్కుల సంగతి నువ్వు దిగులుపడనక్కరలేదు.

నీ అక్క,
నవోమి

మదరాసు,
20 మార్చి 1961.

నవోమక్కా,

నెల్లూరు మిషను స్కూల్లో నాకు ఆరేళ్ళపాటు జడ వేసిన దానివి. ఒక దరఖాస్తు కాగితం అడగడానికి ఇంత మొహమాటమా? కాగితం ఇందులో పెట్టాను.

ఒక్క విషయం ముందే చెప్పాలి. మార్కులుంటే చాలని మన వైపు అనుకుంటారు. పన్నెండేళ్ళుగా ఈ కాలేజీ హాస్టలు చూసుకుంటూ నేను గమనించింది వేరు. పోయిన ఏడు ముప్పై సీట్లకు నాలుగు వందల మంది రాశారు. మార్కులు చూసి తొంభై మందిని పిలిచారు. అక్కడితో మార్కుల పని అయిపోయింది. ఆ తొంభై మందినీ రెండు రోజులు నా హాస్టలులోనే ఉంచారు. లెక్చరర్లు వాళ్ళతో కలిసి టీ తాగుతారు, భోజనానికి కూర్చుంటారు, సాయంత్రం బంతాట ఆడిస్తారు. ఏదో ఒక విషయం ఇచ్చి మాట్లాడమంటారు. ఎవరు ఎవరితో ఎట్లా మెలుగుతున్నారో చూసి, ఒక్కో పిల్లకూ ఒక్కో కార్డు మీద రాసుకుంటారు. చివరికి ఆ కార్డునూ, పిల్లను పెంచిన హాస్టలు వాళ్ళు రాసిన నడవడి పత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని నిర్ణయిస్తారు.

అంటే మీ పిల్ల పత్రం నువ్వే రాయాలి. బాగా ఆలోచించి రాయి. ఈ మూడు నెలలూ ఆమెను కాస్త నలుగురిలో తిరగనివ్వు, ఆడనివ్వు. నువ్వు ఎంత గట్టిదానివో నాకు తెలుసు కనుక చెబుతున్నాను.

నీ కరుణ

అల్లూరు,
4 ఏప్రిల్ 1961.

ప్రియమైన కరుణకు,

పరీక్షలు అయినాయి. దరఖాస్తు మా పాస్టరు, హాస్టలు కరస్పాండెంటు యెహోషువ గారి సంతకంతో నిన్ననే పంపాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం రాలేదు గాని, బాధ కలిగింది. టీ ఎట్లా తాగుతుందో చూసి సీటు ఇస్తారా? బంతాట ఆడేవాళ్ళు ఎవరు కరుణా? ఇంటి వెనక ఖాళీ స్థలం, సాయంత్రం ఖాళీ పొద్దు ఉన్నవాళ్ళు. మా పిల్లలకు సాయంత్రం నీళ్ళ బావి, రుబ్బురోలు ఉంటాయి. నలుగురిలో మాట్లాడడం కూడా అంతే. నాన్న వకీలైతే పిల్లకు మాటలు ఇంట్లోనే వస్తాయి. ఉప్పుమడి పిల్లకు దేవుడు ఇచ్చిన ఒకే ఒక్క దారి మార్కులు. ఆ దారిలో కూడా మీ వాళ్ళు అడ్డంగా టీ బల్ల వేసి కూర్చుంటే ఎట్లా?

పత్రం మాత్రం శ్రద్ధగా రాశాను. ప్రార్థన చేసుకుని కూర్చుని మూడుసార్లు తిరగరాశాను. నీకోసం కొంత ఎత్తి రాస్తున్నాను.

'ఈ బాలికను అయిదేళ్ళుగా ఎరుగుదును. గడిచిన రెండేళ్ళలో ఆమె అనవసరంగా ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. ఆటలకు, కబుర్లకు, నవ్వులాటలకు దూరంగా ఉంటుంది. చెప్పనిదే ఏ పనీ చేయదు. చెప్పిన పనికి ఎదురు చెప్పదు. పెద్దల ముందు తల ఎత్తదు. ఇంత వినయం గల బాలిక నా చేతి కింద మరొకరు పెరగలేదు.'

ఏ పిల్లకూ నేను ఇంత గొప్పగా రాయలేదు.

నవోమి

మదరాసు,
19 జూన్ 1961.

నవోమక్కకు,

ఏసుమణి నిన్న మధ్యాహ్నం బండికి బయలుదేరింది. ఈపాటికి చేరి ఉంటుంది. ఏం జరిగిందో ఆమె నీకు చెప్పి ఉండదు.

సీటు రాలేదక్కా.

ఆమె మార్కులు అయిదు వందల ఇరవై ఒకటి. వచ్చినవాళ్ళలో అంతకంటే ఎక్కువున్నవాళ్ళు ఇద్దరే. లెక్కల పరీక్ష పెడితే అందరికంటే ముందు ముగించి, కాగితం బోర్లించి, చేతులు కట్టుకుని కూర్చుంది.

కాని మొదటి రోజు టీ దగ్గర కప్పు ముందు పెట్టినా ముట్టుకోలేదు. పక్క పిల్లలు తాగేశారు, కబుర్లలో పడ్డారు. ఆమె టీ మీద మీగడ కట్టింది. నేను వెళ్ళి 'తాగమ్మా' అన్నాక తాగింది. రాత్రి భోజనం దగ్గరా అంతే. మరునాడు 'మీ ఊళ్ళో నీకు బాగా ఇష్టమైనదేమిటి?' అని అడిగితే నేల చూసింది. పిల్లలు నాలుగైదు చోట్ల గుంపులుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే ఈమె ఏ చోటికీ పోలేదు, ఎవరైనా పిలుస్తారేమోనని గోడ దగ్గరే నిలబడింది. 'మార్కులు ఉన్నాయి, మనిషి కనబడడం లేదు' అని ఒక లెక్చరరు అన్నారు.

ఆమెను బండి ఎక్కించేటప్పుడు నా చేయి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

కరుణ

అల్లూరు,
26 జూన్ 1961.

కరుణకు,

చెప్పనిదే తినకపోవడం నేను నేర్పిన మర్యాద. నా హాస్టలులో అరవై మంది పిల్లలు నేను చెప్పేదాకా కంచంలో చేయి పెట్టరు. అది మీ చదువుకున్నవాళ్ళకు లోపంగా కనబడిందా? మనిషి కనబడడం లేదట! కనబడాలంటే ఆ పిల్ల ఏం చేయాలి, గంతులు వేయాలా?

నిన్న ఇసకపల్లి పోయి వచ్చాను. క్రీస్తుదాసు మడి గట్టు మీదే కూర్చుని ఉన్నాడు. నా గొంతు వినేదాకా నన్ను గుర్తుపట్టలేదు.

"ఏందమ్మా, మా మణికి మార్కులు చాల్లేదా?" అన్నాడు.

"మార్కులు బాగానే వచ్చినాయి క్రీస్తుదాసూ."

"మరింకేం చాల్లేదు?"

చెప్పాను. దానికి అతను ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయను.

ఏసుమణి అప్పటికే మడిలో దిగింది. మోకాళ్ళ దాకా పావడ ఎగగట్టి ఉప్పు గుంజుతోంది. నన్ను చూసి ఉప్పు లాగే చెక్క పలక కింద పెట్టి, పద్ధతిగా చేతులు కట్టుకుని నిలబడింది. ఉప్పు నీళ్ళకు పాదాలు అప్పుడే పగిలి ఉన్నాయి.

నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. టీ తాగలేదని ఇంత తెలివిగల పిల్లను వదులుకోరు. అసలు కారణం ఏమిటో నాకు తెలియాలి.

నవోమి

మదరాసు,
1 జూలై 1961.

అక్కా,

అడిగావు కనుక రాస్తున్నాను. అడగకపోతే రాసి ఉండేదాన్ని కాను.

ఆ రోజు ఏసుమణి కార్డు మీద చర్చ చాలాసేపు నడిచింది. కొత్త చోట బెదిరి ఉంటుంది, నాలుగు రోజులైతే తేరుకుంటుంది అని ప్రిన్సిపాలమ్మే ఆమె తరఫున మాట్లాడారు. ఆవిడది గుంటూరు, మన పల్లెలు తెలిసిన మనిషి. 'ఇంటి దగ్గర ఎట్లా ఉండేదో చూద్దాం' అని నీ పత్రం తీసి పైకి చదివారు. చదివాక మడిచి కింద పెట్టేశారు. 'బెదరు కాదన్నమాట, ఈమె తీరే ఇది. చెబితేనే కదిలే పిల్ల ఇక్కడ ఒంటరిగా నలిగిపోతుంది' అన్నారు. ఆమె కార్డును వద్దన్న కట్టలో చేర్చారు.

నువ్వు పొగడ్తగా రాసిన ప్రతి మాటా వాళ్ళకు లోపంగా వినబడింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అక్కడ మాట్లాడే హక్కు నాకు లేదు.

అయితే తెనాలి పిల్ల ఒకతె పెళ్ళి కుదిరి సీటు వదులుకుంది. ఆ సీటు పదిహేనో తేదీ దాకా ఖాళీగా ఉంచుతారు. నేను ధైర్యం చేసి ప్రిన్సిపాలమ్మను అడిగాను. 'పత్రం రాసినావిడే అది సరికాదని రాస్తే పిల్లను మళ్ళీ చూస్తాను. ఊరికే రాస్తే ఒప్పుకోను, కారణం చెప్పాలి' అన్నారు.

నువ్వు రాసింది నిజమే అయితే చేయగలిగింది ఏమీ లేదు. నిజమేనా అక్కా? నాకు రాసిన ఉత్తరంలో 'గడిచిన రెండేళ్ళలో' అన్నావు. అయిదేళ్ళుగా ఎరిగిన పిల్ల గురించి రెండేళ్ళే ఎందుకు లెక్క చెప్పావా అని అప్పుడే అనిపించింది.

కరుణ

అల్లూరు,
5 జూలై 1961.

కరుణా,

క్రీస్తుదాసు అన్న మాట ఇప్పుడు రాస్తాను. "మా మణికి మాటలు తక్కువా? ఆ బిడ్డ నోరు మూయించలేక ఇంటిల్లిపాదీ చచ్చేవాళ్ళం గదమ్మా. మీ కాడికొచ్చినాకే అట్టా అయింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను తల ఎత్తలేదు.

నాలుగో ఫారం దాకా హాస్టలులో నవ్వు వినబడితే అది ఏసుమణి దగ్గరే పుట్టేది. ఒకనాడు వంటింట్లో పీట ఎక్కి, దుప్పటి కప్పుకుని, యెహోషువ గారు ప్రసంగం చేసినట్టు చేసి చూపించింది. ఆయన మాటకొకసారి దగ్గడం, కళ్ళద్దాలు తుడుచుకోవడం, పేజీ దొరక్క వెతుక్కోవడం. పిల్లలు నేల మీద పడి నవ్వుతున్నారు. వంట మనిషి గురవమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నాకూ నవ్వు వచ్చింది. అందుకే కోపం ఎక్కువైంది.

అవి శ్రమకాలపు దినాలు. ఈస్టరు పండుగ దాకా నలభై రోజులు, పాఠానికి, ప్రార్థనకు తప్ప నోరు తెరవకూడదని శిక్ష వేశాను. మిగతా పిల్లలు ఆమెతో మాట్లాడకూడదన్నాను. పదమూడేళ్ళ పిల్ల. నలభై రోజులూ పాటించింది. ఈస్టరు ఉదయం పిలిచి, 'ఇంక మాట్లాడవచ్చు' అన్నాను. 'సరేనమ్మా' అంది. అంతే. మళ్ళీ ఆ గొంతు నేను వినలేదు.

నేను ఏం చేశానో తెలుసా? స్త్రీల సమాజంలో లేచి సాక్ష్యం చెప్పాను. అల్లరి పిల్లను దేవుడు మార్చాడని, నా ప్రార్థన విన్నాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. రెండేళ్ళు దాన్ని నమ్మాను.

నిన్న ఇదంతా కొత్త పత్రంగా రాశాను. రాసి, నియమం ప్రకారం యెహోషువ గారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ముద్ర లేకుండా హాస్టలు నుంచి ఏ పత్రమూ పోదు. ఆయన మొత్తం చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నేనంత దగ్గుతానా నవోమమ్మా?"

"అబద్ధమెందుకయ్యా, దగ్గుతారు."

"పిల్ల బాగా చేసినాదా?"

"మీరే వచ్చినారనుకున్నాను."

కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. తరువాత, "ఇది పోతే మిషను కమిటీకి ఒక ప్రతి పంపాల. శిక్షల సంగతి రాసినాక దాచిపెట్టేదానికి నాకు అధికారం లేదు. ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచించుకున్నానని చెప్పాను. ముద్ర వేశారు.

ఈ కవరుతో పాటే ఆ పత్రం వస్తుంది. నువ్వు చదవకు. నేరుగా ప్రిన్సిపాలమ్మ చేతికివ్వు.

నవోమి

మదరాసు,
13 జూలై 1961.

అక్కా,

ఏసుమణికి సీటు వచ్చింది. ముందు ఇది చదివి, నీళ్ళు తాగి, తరువాత మిగతాది చదువు.

కాలేజీ పంపిన తంతి అందగానే క్రీస్తుదాసు ఆమెను తీసుకుని వచ్చాడు. ఈ ఉదయం గదిలో ప్రిన్సిపాలమ్మ, మరో ఇద్దరు లెక్చరర్లు ఉన్నారు. నన్ను తలుపు దగ్గర ఉండమన్నారు. నీ రెండో పత్రాన్ని ప్రిన్సిపాలమ్మ ఏసుమణి ఎదుటే పైకి చదివారు. చదువుతున్నంతసేపూ పిల్ల నేలే చూస్తోంది. అయిపోయాక ఒక లెక్చరరు, "ఎంత అన్యాయం! అట్లాంటి మనిషి చేతిలో ఎట్లా బతికావమ్మా?" అన్నారు.

అప్పుడు తల ఎత్తింది.

"ఎట్టాంటి మనిషి?" అంది. "నాకు టైఫాయిడు వస్తే ఇరవై ఒక్క దినం నేల మీద పడుకుని చూసుకున్న మనిషి. మీకేం తెలుసు ఆమె సంగతి?"

"నీ మంచికే అంటున్నాం..."

"అయిదేండ్లు నన్ను చూసిన మనిషే తప్పు రాసినానని ఒప్పుకుంటా ఉండాది. మీరు రెండు దినాలు చూసినారు. నేను టీ తాగలేదని కార్డు మీద రాసుకున్నారు. అది మాత్రం తప్పు కాదా?"

ప్రిన్సిపాలమ్మ మెల్లగా, "సరే, ఆ ప్రసంగం ఒకసారి చేసి చూపించు. మేమూ చూస్తాం" అన్నారు.

"చెయ్యనమ్మా."

"సీటు దాని మీదే ఆధారపడి ఉంటే?"

"అయినా చెయ్యను. అప్పుడు మా వాళ్ళ మధ్య చేసినాను. సీటు కోసం ఆయన్ని ఇక్కడ నవ్వులపాలు చెయ్యను."

ఆ లెక్చరరు, "ఇంత పొగరైతే కష్టం" అన్నారు. "మొన్న మాట లేదని వద్దన్నాం. ఈ రోజు మాట ఉందని వద్దందామా?" అని ప్రిన్సిపాలమ్మ కాగితం మీద సంతకం చేశారు.

ఇంకొకటి ఉంది. బయటికి వచ్చాక వరండాలో ఆమె నాతో అంది: "ఆమె మీద నాకు కోపం పోలేదమ్మా. అది వీళ్ళకెందుకు చెప్పాల? మీరు ఆమెకు రాయొద్దు." రాయనని తల ఊపాను. అయినా రాస్తున్నాను. నీ మనసు నొప్పిస్తుందని ఒకసారి నీ దగ్గర దాచాను. దానివల్ల పది రోజులు ఆ పిల్ల ఉప్పులో నిలబడింది.

కరుణ

అల్లూరు,
20 జూలై 1961.

ప్రియమైన కరుణకు,

దాచకుండా రాసినందుకు నీకు వందనాలు. కోపం పోలేదన్న మాట దగ్గర ఆ రాత్రంతా ఉండిపోయాను. ఆ కోపం తీసివేయమని ప్రార్థించబోయి ఆగిపోయాను. ఆ పిల్ల విషయంలో దేవుడు నాకు జవాబు ఇచ్చాడని ఒకసారి నా అంతట నేనే తీర్మానించుకున్నాను. ఇంక అట్లా చేయలేను. ఆ కోపం ఆమెది. ఆమె దగ్గరే ఉండనీ.

కమిటీ నుంచి కాగితం వచ్చింది. ఆగస్టు ఆఖరుకు హాస్టలు తాళాలు అప్పగించాలి. నాకు చిన్నబడిలో ఒకటో తరగతి ఇచ్చారు. నువ్వు ఎవరికీ ఏమీ రాయవద్దు. వాళ్ళు చేసింది సరిగ్గానే ఉంది. ఏసుమణికి ఈ సంగతి తెలియనక్కరలేదు.

మీ కాలేజీ గురించి నేను అన్న మాటల్లో కొన్ని ఇప్పటికీ వెనక్కి తీసుకోను. బంతాట ఆడే తీరిక మా పిల్లలకు లేదు. ఆ లేకపోవడాన్ని మీవాళ్ళు కార్డు మీద పిల్ల తప్పుగా రాయడం న్యాయం కాదు. కాని నా పిల్లకు తీరిక లేక మాటలు పోలేదు. ఉన్నవి నేను తీసుకున్నాను. ఆ రెండూ ఒకటేనన్నట్టు ఏప్రిల్లో నీకు రాశాను.

మొన్న మంగళవారం ఆమె పెట్టె తీసుకుని ఇక్కడికి వచ్చింది. గురవమ్మ ఆమెను కావలించుకుని ఏడ్చింది. ఇద్దరూ వంటింట్లో ఏదో మాట్లాడుకున్నారు. నేను లోపలికి పోలేదు. మధ్యాహ్నం బస్టాండు దాకా నేనే వెంట నడిచాను. దారిలో క్షమించమని అడగాలని నాలుగైదుసార్లు నోటి దాకా వచ్చింది. నడిబజారులో అడిగితే 'ఫరవాలేదమ్మా' అనక తప్పదు ఆమెకు. అది కూడా నేను చెప్పి చేయించినట్టే అవుతుంది. అందుకని ఊరుకున్నాను.

నెల్లూరు బస్సు వచ్చింది. పెట్టె పైకెక్కించారు. ఆమె కిటికీ పక్కన కూర్చుని బయటికి వంగింది.

"అమ్మా, అక్కడ నేనెట్టా ఉండాల?" అంది.

ఇరవై రెండేళ్ళలో ఎంతమంది పిల్లలు ఇదే అడిగారో, ఎంతమందికి తడుముకోకుండా చెప్పానో నీకు తెలుసు. ఆమె నా ముఖంలోకి చూస్తోంది, కళ్ళు దించలేదు.

"నాకు తెలీదు బిడ్డా" అన్నాను.

నవోమి